ఓబుళేసు ముక్కు, కారు కంపు

ముదిగుబ్బ బస్టాండులో టాక్సీ డ్రైవర్లంతా నిలబడి ఉంటే, వాళ్లలో ఓబుళేసును గుర్తుపట్టడం చాలా సులువు. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, ఇతను కారు తుడుస్తూ ఉంటాడు. గాలి లేచిందంటే ఎర్రదుమ్ము వచ్చి మీద కూర్చునే ఊరది. తుడిచిన గుడ్డ ఆరకముందే కారు మళ్లీ మొదటికొస్తుంది. అయినా తుడుస్తాడు. "నా కారెక్కితే పెండ్లిపల్లకి ఎక్కినట్టుండల్ల" అంటాడు. గొప్పలకు ఏ మాత్రం కొదవలేని మనిషి. గొప్పలు చెప్పుకునేవాళ్లలో మంచివాళ్లు ఉండరని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. కాన్పు నొప్పులని కబురొస్తే కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని స్టీరింగు పట్టుకునేవాడు ఆ ఊళ్లో ఓబుళేసు ఒక్కడే.

అటువంటి ఓబుళేసుకు ఒక రహస్యం ఉంది. అతనికి వాసన తెలియదు.

కరోనా రెండో విడతలో జ్వరం వచ్చింది, పోయింది. పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకుని పోయింది. ముక్కు ముఖం మీదే ఉంది, నిటారుగా అందంగానే ఉంది, జలుబు చేస్తే అందరిదీ కారినట్టే కారుతుంది. వాసన మాత్రం పట్టదు. అనంతపురంలో డాక్టరు చూసి "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి డాక్టరెందుకు, వాన గురించి మా ఊళ్లో ఎవరినడిగినా అదే చెప్తారు గదా అనుకుంటూ తిరిగొచ్చాడు ఓబుళేసు.

ఎవరికీ చెప్పలేదు. వైరు కాలినా, పెట్రోలు కారినా ముందుగా పసిగట్టాల్సింది డ్రైవరు ముక్కే. అది పనిచేయదని తెలిస్తే బండి ఎవరెక్కుతారు? భార్య మహేశ్వరికి కూడా చెప్పలేదు. అప్పుడామె నిండుచూలాలు, బెంగ పడుతుందని ఊరుకున్నాడు. తర్వాత ఆడపిల్ల పుట్టింది. అరుణ అని పేరు పెట్టారు. వచ్చిన చుట్టాలందరూ బిడ్డనెత్తుకుని నడినెత్తి మీద ముక్కు ఆనించి "అబ్బ, ఏం పాలవాసన!" అని మురిసిపోయారు. ఓబుళేసూ ఆనించాడు, ఓబుళేసూ "అబ్బ" అన్నాడు. ఇంటి వెనక్కి పోయి ఏడ్చాడు.

ఇప్పుడా పిల్లకు మూడేళ్లు. రోజూ కారు తీయబోయే ముందు, నిద్రపోతున్న కూతురి తల మీదికి వంగి గాలి పీలుస్తాడు. ఏమీ ఉండదు. ఉట్టి గాలి. మల్లెపూలు, సాంబారు, తొలకరి మట్టి ఏవీ రాకపోయినా పోనిమ్మనుకున్నాడు గానీ, ఈ ఒక్క వాసన మాత్రం కావాలనుకున్నాడు. బతుకులో అతను ఆశపడి, గొప్పగా చెప్పుకోనిది అదొక్కటే.

రహస్యం అలాగే సాగిపోయేదే. మొన్నటి చలికాలంలో నాగలక్ష్మమ్మ హీటర్ వెయ్యమనకపోయి ఉంటే.

నాగలక్ష్మమ్మది ధర్మవరం. పట్టుచీరల వ్యాపారం. సోమవారం సోమవారం చీరల మూటలు వేసుకుని బెంగుళూరు అంగళ్లకు పోతుంది. ఓబుళేసు కారు తప్ప ఇంకో కారు ఎక్కదు. ఆ రోజు పొద్దున్నే మంచు పట్టి, పెనుకొండ వైపు గుట్టలు సగానికే కనిపిస్తున్నాయి.

"చెవులు మొద్దుబారుతాండాయి, హీటరెయ్యప్పా" అందామె, వెనక సీట్లో శాలువా బిగించుకుంటూ.

మా సీమలో కారు హీటరుకు ఏడాదికి పది రోజులుంటే గొప్ప పని. ఓబుళేసు మీట తిప్పాడు. వెచ్చటి గాలి బయలుదేరింది. రెండు మలుపులు తిరిగేసరికి వెనక నుంచి గొంతు లేచింది.

"ఏమప్పా ఓబుళేసూ, కారులో ఏం సచ్చింది?"

ఓబుళేసు బాగా తెలిసినవాడిలా ముక్కు ఎగబీల్చాడు. "బయట వాసనమ్మా. కోళ్లఫారాలుండాయి గదా ఈడ."

నాగలక్ష్మమ్మ అద్దం దించి తల బయట పెట్టింది. కనుచూపు మేర బీడు, రాళ్లు. ఒక్క కోడి ఈక కూడా లేదు. "బయట కమ్మగుండాది. కంపు లోపలే. ఆ గాలొచ్చే బొక్కల్లోనించే వస్తాండాది."

"ముందర లారీ పోయింది గదమ్మా, దాంట్లో ఎరువేమన్నా..."

"తాటిచెట్టు ఎందుకెక్కినావురా అంటే దూడగడ్డికి అన్నాడంట నీ మాదిరోడు!" అని ఆమె చీరల మూటను ఒళ్లోకి లాక్కుని పైట కప్పింది. "పట్టు ఊరికే ఉండదప్పా, యా వాసన తగిలినా పట్టుకుంటాది. బెంగుళూరోళ్లు మడత విప్పంగానే కంపు కొడితే మల్లా నా మొగం చూస్తారా? వచ్చే సోమవారానికి ఇది పోలేదంటే నేను ఇంకో బండి చూసుకుంటా. నీ మీద కోపమేం లేదు. దేవుడు ముక్కిచ్చినాడు, ఏం చేసేది?"

ఆ చివరి మాట ఓబుళేసుకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఇక ఆ వారమంతా వైద్యమే. డ్యాష్‌బోర్డు మీద కర్పూరం పెట్టాడు, సీటు కింద వేపాకు పరిచాడు, తలుపులు మూసి లోపల సాంబ్రాణి పొగ వేశాడు. దిష్టి తగిలిందని ఎవరో అంటే బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. కంపుకు దిష్టేమిటో, మిరపకాయేమిటో! అసలు చిక్కు ఇంకొకటి ఉంది. పోయిందో లేదో తెలిసేదెట్లా? గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. కారులో కూర్చుని ఎంత పీల్చినా అతనికి పూలతోటైనా పెంటకుప్పైనా ఒకే తీరు.

అప్పుడొక ఉపాయం తట్టింది. దారిలో బస్సు కోసం నిలబడినవాళ్లను ఊరికే ఎక్కించుకుని, హీటరేసి, అద్దంలో వాళ్ల మొహాలు చూడాలి. ముక్కు మూసుకుంటే కంపున్నట్టు, మూసుకోకపోతే పోయినట్టు. ఉపాయం మంచిదే. మనిషిని ఎంచుకోవడంలోనే తప్పయింది. మొదట కనిపించినవాడు గొర్రెలు మేపే ఈరప్ప. భుజాన కంబళి, చంకలో గొర్రెపిల్ల.

"రాప్పా ఈరప్పా, ఎక్కు. దుడ్లేం వద్దులే."

ఈరప్ప అనుమానంగా చూశాడు. "ఏమన్నా, ఎలచ్చన్లొచ్చినాయా?"

ఎట్లాగో ఎక్కించి, అద్దాలన్నీ ఎత్తి, హీటరు నిండుగా పెట్టి, ఓబుళేసు రోడ్డు కంటే ఎక్కువగా వెనకద్దమే చూస్తూ నడిపాడు. ఈరప్ప ముక్కు మూసుకోలేదు. మొహం చిట్లించలేదు. పైగా కాళ్లు చాపుకుని హాయిగా కళ్లు మూశాడు. ఓబుళేసు గుండె గాలిలో తేలింది.

"ఎట్లుండాదప్పా లోపల?"

"బెచ్చగా బాగుండాదన్నా" అన్నాడు ఈరప్ప నిద్రమత్తులో. "మా గొర్రెల దొడ్లో పండుకున్నట్టే ఉండాది."

తేలిన గుండె మళ్లీ కింద పడింది. ఇంక లాభం లేదని శనివారం నాడు జాకబ్ షెడ్డుకు పోయాడు. జాకబ్ ఊళ్లో కార్ల మెకానిక్కు, ఓబుళేసు కంటే చిన్నవాడు. బానెట్ ఎత్తకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"యా వాసనన్నా? పాచి వాసనైతే లోపల యాడో నీళ్లు నిలబడినట్టు. తియ్యగుంటే హీటరు నీళ్లు కారుతాండాయని. కాలిన వాసనైతే వైరు. యాదో చెప్పు."

ఓబుళేసు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అన్నీ కల్సి" అన్నాడు చివరికి.

"అన్నీ కల్సి యాడన్నా వాసనుంటాదా? నేనే చూద్దునుగానీ, జలుబు చేసి ముక్కు దిబ్బడేసింది. పోయి వదినెను పిల్చుకురా."

ఇల్లు షెడ్డుకు దగ్గరే. మహేశ్వరి అరుణకు తల దువ్వుతోంది. ఓబుళేసు గడపలో నిలబడి, "ఒక్కసారి షెడ్డుకాడికి రామ్మే. కారు వాసన చూసి చెప్పల్ల. జాకబ్‌కు జలుబు చేసింది" అన్నాడు.

"జాకబ్‌కు జలుబు సరే. నీకేమైంది?"

మహేశ్వరి దువ్వెన కింద పెట్టింది.

"నీ ముక్కు పని చెయ్యదని నాకు ఎప్పుడో తెలుసులేయ్యా. సంగటి మాడి ఇల్లంతా పొగైతే 'ఏం గుమగుమలాడతాండాదే' అంటివి. ఆపొద్దే అనుమానమొచ్చింది. మర్సనాడు నిన్ను కండ్లు మూసుకోమని మల్లెపూలని చెప్పి ఇంగువ డబ్బా పెడితిని ముక్కు కాడ. 'ఆహా, ఏం పూలే మహేశ్వరీ' అంటివి."

"మరి అడగలేదే నువ్వు?"

"నువ్వే దాచుకుంటాంటివి. దాచుకున్నోని మూట నేనెట్ల విప్పేది?" ఆమె పిల్ల తల నిమిరింది. "దినామూ తెల్లారుతానే పిల్ల తల కాడ వంగి నిలబడతావు సూడు, అది నాకు కనపడదనుకుంటివా? దుప్పట్లో పండుకునే ఏడ్సినా ఎన్నోసార్లు."

ఓబుళేసుకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్లు ఒంటిగా మోస్తున్నాననుకున్న బరువును ఇంకో మనిషి కూడా పక్కనే మోస్తూ వచ్చిందని తెలిస్తే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. మహేశ్వరి చెంగుతో అతని మొహం తుడిచి, పిల్లను చంకనేసుకుని, "పద. ఇంకమీద నా ముక్కే నీ ముక్కు" అంది.

షెడ్డులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. జాకబ్ హీటరేశాడు. ఒక్కసారి పీల్చి వెంటనే కిందికి దూకింది.

"ఎలుక! ఎలుక ఉచ్చ. తడిసి ముక్కిపోయిన చెనిక్కాయలు. పైన సాంబ్రాణి, కర్పూరం కల్సినాయి, యా మహానుభావుడు పెట్టినాడో!"

జాకబ్‌కు అంత చాలు. డ్యాష్‌బోర్డు డబ్బా ఊడదీసి, వెనకున్న గాలి ఫిల్టరు లాగాడు. వేరుశనగ పొట్టు దోసిళ్ల కొద్దీ రాలింది. దూది, చింకి గుడ్డ, కాయితం ముక్కలు. వాటి మధ్యలోంచి ఒక బలిసిన ఎలుక డ్యాష్‌బోర్డు మీదికెగిరి, జాకబ్ భుజం మీదుగా నేల మీదికి దూకి, అరుణ చప్పట్లు కొడుతుండగా రోడ్డు దాటి పోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు. వీళ్లు కారును తవ్వారు, దాన్ని కూడా పట్టలేకపోయారు.

జరిగిందేమిటో అప్పుడు అర్థమైంది. ఓబుళేసు కారు నిలిపేది చెనిక్కాయలు కుప్పేసిన కళ్లం పక్కనే. ఎలుక ఒక్కొక్క కాయా మోసుకొచ్చి కారులో కాపురం పెట్టింది. కార్తీకంలో తుఫాను వాన కొట్టినప్పుడు ముందద్దం కింది సందులోంచి నీళ్లు లోపలికి దిగాయి. అవి బయటికి పోయే గొట్టాన్ని పొట్టు మూసేసింది. ఆ నీళ్లలో కాయలు నానాయి, కుళ్లాయి. దానికి హీటరు వేడి తగిలింది.

"కారు కిందకి పోయి గొట్టంలో తీగె పెట్టి పొడవల్ల" అన్నాడు జాకబ్.

"నా బండి, నేనే పొడుస్తా" అని ఓబుళేసు గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరాడు. పొడిచాడు. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా పొడిచాడు. భళ్లుమని నల్లటి నీళ్లు అతని మెడ మీదా రొమ్ము మీదా పడ్డాయి. ఆ కంపుకు మహేశ్వరి పిల్లనెత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. జలుబు చేసిన జాకబ్ కూడా ఆమె వెనకే పరిగెత్తాడు.

కారు కింద చప్పుడు లేదు.

"ఏమయ్యా!" మహేశ్వరి భయపడి పిలిచింది. "ఏమైంది?"

"మేయ్! మహేశ్వరీ!" కారు కింది నుంచి కేక. "కంపు కొడతాండాదే!"

"అది ఊరంతా తెలుస్తాండాది, బయటికి రా!"

"కాదే! నాకు! నాకు కొడతాండాది కంపు!"

పాకుతూ బయటికొచ్చాడు. మెడ నుంచి నడుము దాకా నలుపు. చొక్కా ముందు భాగం రెండు చేతులా పట్టుకుని ముక్కుకు ఒత్తుకుని పీలుస్తున్నాడు, దగ్గుతున్నాడు, మళ్లీ పీలుస్తున్నాడు. తిరుపతి లడ్డూ ఎదురుగా పెట్టినా మనిషి అంత ఆబగా పీల్చడు. "ఎలుక ఉచ్చ! చెనిక్కాయలు! థూ! ఓరి దేవుడా, థూ!" అంటూ షెడ్డులో గంతులేశాడు. "అన్నకు తలకేమన్నా తగిలిందా వదినా?" అన్నాడు జాకబ్. మహేశ్వరి జవాబు చెప్పే స్థితిలో లేదు. రోడ్డు మీదే నిలబడి నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. వైద్యులు దీనికి ఏం కారణం చెబుతారో నాకు తెలియదు. వచ్చేది ఎప్పటి నుంచో మెల్లగా వస్తూ ఉండవచ్చు. గడప దాటించడానికి మాత్రం అంత మొండి కంపే కావాల్సి వచ్చింది.

తర్వాత జాకబ్ లోపలంతా నురగ కొట్టి కడిగాడు, కొత్త ఫిల్టరు వేశాడు, ఎలుక దూరిన సందుకు ఇనుప జాలీ బిగించాడు, తలుపులన్నీ తెరిచి హీటరేసి తడి ఆరబెట్టాడు. సోమవారం నాడు నాగలక్ష్మమ్మ పెనుకొండ దాకా ముక్కు ఎగబీలుస్తూనే ఉండి, ఏ వంకా దొరక్క, చీరల మూట మీద తల పెట్టి నిద్రపోయింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ పూట షెడ్డులో, గంతులేస్తున్న ఓబుళేసు ఉన్నట్టుండి ఆగిపోయాడు. మహేశ్వరి చంకలో ఉన్న కూతురి వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. భయమేసింది అతనికి. కంపు వచ్చింది సరే, అది కూడా వస్తుందా? మహేశ్వరి దగ్గరికొచ్చి పిల్లను దించింది. ఓబుళేసు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మురికి చేతులు వెనక్కి పెట్టుకుని, మొహం మాత్రం ముందుకు చాపి, కూతురి నడినెత్తి మీద ముక్కు ఆనించాడు.

ముందు కొబ్బరినూనె తెలిసింది, సన్నగా, ఎక్కడో దూరంగా. దాని కింద ఎండలో ఆడుకున్న చెమట. ఆ రెంటి కిందా ఇంకొకటి ఉంది, వెచ్చగా, పేరు లేనిది, ఈ పిల్లది మాత్రమే అయినది. ఓబుళేసు కళ్లు గట్టిగా మూసుకుని దాన్నే పీలుస్తూ ఉండిపోయాడు.

అరుణ కాసేపు ఓర్చుకుంది. తర్వాత రెండు చేతులూ తండ్రి మొహానికి ఆనించి దూరంగా తోసింది. "ఛీ, పో నాయనా! కంపు కొడతాండావు!"

"అవును తల్లీ" అన్నాడు ఓబుళేసు, నవ్వుతూ, ఏడుస్తూ. "నాక్కూడా వస్తాండాది!"