ఐస్ గదిలో విప్పిన చలికోటు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు నవంబరులో నేను అచ్చంపేట దగ్గర ఒక బాలికల గురుకుల కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్నాను. పీడీ అంటారు. పిల్లలతో ఆటలాడించే పీఈటీకి ఒక మెట్టు పైన, ప్రిన్సిపాల్‌కు చాలా మెట్లు కింద. ఆ నెల నాకు అప్పగించిన పని, మా ఐదుగురు అమ్మాయిలకు చలికోట్లు ఎంపిక చేయడం. జనవరిలో వాళ్లకు హిమాలయాల్లో మంచుమీద నడక శిక్షణ ఉంది. మా దగ్గర చలి అంటే పొద్దున చెవులకు గుడ్డ కట్టుకునేంత. ఎండ రాగానే ఆ గుడ్డ మెడలోకి దిగుతుంది. మా సిబ్బందిలో ఫ్రిజ్‌లో తప్ప మంచును చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఏ వస్తువు కొనాలన్నా కొనుగోలు కమిటీ ఉండాలి. ప్రిన్సిపాల్ మేడం అధ్యక్షురాలు, సీనియర్ అసిస్టెంట్ గారు సభ్యుడు, నేను సాంకేతిక సభ్యురాలిని. వాలీబాల్‌లో గాలి తగ్గితే పంపు కొట్టడం వరకే నా సాంకేతికత. పద్ధతి ఏమిటంటే, దుకాణదారు ఇచ్చిన నమూనాకు లక్కతో సీలు వేసి బీరువాలో దాచాలి. తర్వాత వచ్చిన సరుకును దానితో పోల్చి తీసుకోవాలి. కాబట్టి నమూనాను పట్టుకుని చూడవచ్చు, వాడకూడదు.

మూడు నమూనాలు వచ్చాయి. మొదటిదాంట్లో మందమైన పీచు కూరారు, బొంతంత బరువుంది. రెండోదాంట్లో బాతు ఈకల నూగు. మూడోది సన్నటి కృత్రిమ పీచుతో తేలిగ్గా ఉంది. సీనియర్ అసిస్టెంట్ గారు సర్వీసంతా హాస్టళ్లకు దుప్పట్లు కొన్న మనిషి. దుప్పటిని అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి, బరువును బట్టి ఖాయం చేయడం ఆయన అలవాటు. కోట్లను కూడా అలాగే ఎగరేశారు.

"బరువుంటెనే ఎచ్చగుంటది మేడం. గీ మూడోది గాలికి కొట్టుకపోతది" అన్నారు.

పడుకోవడానికైతే ఆయన మాట నిజమే. కానీ మంచులోనైనా సరే, ఎత్తు ఎక్కే మనిషికి చెమట పడుతుంది. ఆగిన తర్వాత ఆ తడే ఒంటిని చల్లబరుస్తుంది. వెచ్చదనం ఇచ్చేది కోటు బరువు కాదు, లోపల కదలకుండా నిలిచే గాలి. ఈకలు తడిస్తే ముద్దకట్టి ఆ గాలిని వదిలేస్తాయి. ఇదంతా అక్కడి శిక్షకులకు ఫోను చేసి తెలుసుకున్నాను. అందుకే తొడిగి, నడిపించి, ఆ తర్వాత చలిలో కూర్చోబెట్టి చూద్దామన్నాను. నమూనాలను వాడటానికి తీర్మానం రాయాల్సి వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం రాయించారు. చలి ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు మాత్రం తీర్మానంలో జవాబు లేదు. నందికొండలో చేపల కోసం నడిచే ఐస్ ఫ్యాక్టరీ ఒకటుందని మా వంటమనిషి చెప్పింది.

ఇంతలో అసలు చిక్కు వచ్చింది. ఐదుగురిలో అందరికన్నా బాగా ఎక్కే పిల్ల మమత. ఇంటర్ మొదటి సంవత్సరం. తండ్రి జంగయ్య పల్లి వేసే రైతు. తండ్రి ఒప్పుకోకపోతే పిల్లను పంపే అధికారం మాకు లేదు. ఆ సీటు వేరే జిల్లాకు పోతుంది. జంగయ్య ఒప్పుకోలేదు. అరిచే మనిషి కాదు, కుర్చీలో సర్దుకుని కూర్చుని అడిగాడు.

"మీరెవ్వరన్న ఆడికి పోయిండ్రా మేడం?"

పోలేదని చెప్పాను.

"మరి గా కోటు సలికి ఆగుతదని ఎట్ల చెప్తున్నరు?"

పరీక్ష చేస్తున్నామన్నాను. తానూ వస్తానన్నాడు. పక్కన నిలబడ్డ మమత నా వైపు చూసింది. ఆ పిల్ల ఆశంతా ఇప్పుడొక చేపల ఐస్ గదిమీద ఉందని నాకు అర్థమైంది. భయం వేసింది కూడా.

కమిటీ ముగ్గురం, మమత, జంగయ్య కలిసి దేవరకొండ మీదుగా నందికొండ చేరాం. ఫ్యాక్టరీ యజమాని మర్యాదస్తుడు, కానీ లోపల చేపలకు తప్ప ఎవరికీ జాగా లేదని ముందే చెప్పాడు. చివరికి ఒక మూల ఖాళీ చేయించాడు. మమతకు ఒక్కో కోటూ తొడిగి, చెమట పట్టేదాకా నది ఒడ్డున స్నానఘట్టం మెట్లు ఎక్కించి దించి, వెంటనే ఐస్ గదిలో గోనెసంచి మీద కూర్చోబెట్టాం. మిట్టమధ్యాహ్నం ఎండలో చలికోటుతో మెట్లెక్కే పిల్లను చూసి వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు పని ఆపారు. ఒకాయన పిల్లకు జ్వరమా అని అడిగాడు. సీనియర్ అసిస్టెంట్ గారు, ప్రభుత్వ పని అని జవాబిచ్చారు.

బరువు కోటులో పిల్ల చెమటకు నానిపోయి, లోపలికి వెళ్లిన కాసేపటికే పళ్లు టకటకలాడించడం మొదలుపెట్టింది. ఈకల కోటు మొదట బాగానే ఉంది, తడి పట్టాక భుజాల దగ్గర చదునుబడింది. తేలిక కోటులో మాత్రం పిల్ల నిమ్మళంగా కూర్చుని, ఇంకెంతసేపని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడో నమూనాయే ఖాయం అన్నాను.

"నేను సూడలే ఇంక" అన్నాడు జంగయ్య.

పిల్ల కొలత కోటు తొడుక్కున్నాడు, చేతులు మోచేతుల దాకానే వచ్చాయి. లోపలికి వెళ్లి తలుపు వేయమన్నాడు. మేం బయట చాయ్ తాగుతూ కూర్చున్నాం. మమత కూర్చున్నంతసేపు గడిచింది, ఇంకా గడిచింది, ఆయన బయటికి రాలేదు. పిల్ల తలుపు దగ్గరికి వెళ్లి "నాయినా" అని పిలిచింది. మళ్లీ గట్టిగా పిలిచింది. యజమాని పరుగున వచ్చి తలుపు లాగాడు.

జంగయ్య గోనెసంచి మీద ఒంటి అంగీతో కూర్చుని ఉన్నాడు. కోటు మోకాళ్ల మీద ఉంది. పెదవులు నీలంగా మారాయి. మమత ఏడుస్తూ ఆయన చేతులు రుద్దసాగింది. నేను కోపం పట్టలేక, కోటు పరీక్షించమంటే విప్పి కూర్చోవడం ఏమిటని గట్టిగానే అడిగాను.

"ఏసుకుంటె ఎట్లుంటదో పిల్ల సూసింది గద మేడం. ఇప్పితె ఎట్లుంటదో సూద్దామని ఇప్పిన" అన్నాడు, మాట తడబడుతూ. "మల్ల ఏసుకుందామంటె గీ జిప్పు పడుతలేదు. ఏళ్లు మొద్దుబారినయి. ఆడ మా పిల్ల ఇప్పితె ఎవరు ఏస్తరు?"

మంచులో నడిచేవాళ్లు ఎక్కేటప్పుడు కోటు విప్పుతారు, ఆగినప్పుడు తొడుగుతారు. శిక్షకులు ఈ మాట నాకు ఫోనులోనే చెప్పారు. మేం చేసిన పరీక్షలో మాత్రం మమత కోటు మీద మేమే జిప్పు లాగాం, బయట, వెచ్చటి వేళ్లతో. ఈసారి మమతకు ఫ్యాక్టరీ కూలీల చేతితొడుగులు వేసి, జిప్పు తనే లాగమని లోపలికి పంపాం. ఆ జిప్పు మొన గోరంతే ఉంది, పిల్లకూ అందలేదు.

యజమాని వల అల్లే నైలాన్ దారం ఇచ్చాడు. జిప్పు మొనకు వేలు దూరేంత ఉచ్చు కట్టాం. సీలు వేయాల్సిన నమూనాను మార్చకూడదని సీనియర్ అసిస్టెంట్ గారు అడ్డుచెప్పారు, రూలు ప్రకారం అది సబబే. ప్రిన్సిపాల్ మేడం అక్కడే, చేపల బుట్టల మధ్య, ఇంకో తీర్మానం రాయించారు: చేతితొడుగులతో పట్టుకోగల తాడు ప్రతి జిప్పుకూ ఉండాలి. మమత మళ్లీ లోపలికి వెళ్లి తానే విప్పి, తానే తొడుక్కుని బయటికి వచ్చింది.

జంగయ్య పిల్లను చూడలేదు, జిప్పునే చూశాడు. దాన్ని పైకీ కిందికీ లాగి, "పోనియ్యుండ్రి" అన్నాడు. తిరుగు ప్రయాణంలో డిండి దాకా కోటు ఒంటి మీదే ఉంచుకున్నాడు. తిరిగి ఇమ్మని అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

మమత ఫిబ్రవరిలో క్షేమంగా తిరిగి వచ్చింది. ఎట్లుందే అక్కడ అని అడిగితే, ఆగిన ప్రతిచోటా తాడు పట్టుకుని జిప్పు వేసుకున్నానని చెప్పింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను కొన్న ప్రతి చలికోటునూ ఐస్ గదిలో విప్పించి, అక్కడే మళ్లీ తొడిగించాను. కమిటీ సభ్యులనూ రమ్మనేదాన్ని. ఆ రోజు సీనియర్ అసిస్టెంట్ గారు సెలవు పెట్టేవారు. కోటు ఎంత వెచ్చగా ఉందో తొడుక్కున్నవాళ్లు చెప్పగలరు. అది లేకపోతే పిల్ల గతేమిటో తెలియాలంటే ఒకరు విప్పి కూర్చోవాలి. మా ముగ్గురు సభ్యుల కమిటీలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, ఎందుకంటే మాలో ఎవరి పిల్లా ఆ కొండకు పోవడం లేదు.