ఎడమ పక్క మొహం

నాకిప్పుడు చేతిలో పని తక్కువ, మనసులో నెమ్మది ఎక్కువ. వేంపల్లె చుట్టుపక్కల గోడల మీద సిమెంటు, విత్తనాలు, పళ్లపొడి, బనియన్లు, ఏది చెబితే అది రాసిన చెయ్యి ఇది. కొనమని రాయడం నా పని, కొనడం జనం పని, ఎవరేం కొంటే నాకేం పోయింది అనుకునేవాణ్ణి. ఆ తిక్క ఎలా కుదిరిందో చెబుతాను.

రెండేళ్ల కిందట మొహానికి పూసే క్రీము ప్రకటన ఒకటి వచ్చింది. ఎడమ పక్క దిగులుగా ఉన్న నల్లటి పిల్ల, కుడి పక్క నవ్వుతున్న తెల్లటి పిల్ల, మధ్యలో క్రీము డబ్బా. కంపెనీ ఇచ్చిన కాగితం మీద గళ్లు గీసుకుని, గోడ మీద అవే గళ్లు పెద్దవిగా గీసి, గడి చూసి గడి నింపడం మా పద్ధతి. అయితే ఏజెంటు తెచ్చింది జిరాక్స్ కాపీ. అందులో తెల్లపిల్ల చక్కగా పడింది. నల్లపిల్ల మొహం మొత్తం సిరా మచ్చ. కిందికి వాలిన పెదవి తప్ప ఏమీ కనబడలేదు. "నీది తిరిగిన చెయ్యి గదప్పా, ఏదో ఒక మొహం వెయ్యి" అని ఏజెంటు వెళ్లిపోయాడు.

వేశాను. ఆ గోడ మెయిన్ రోడ్డు పక్కన ఒక ముస్లిం అవ్వది. ఊరంతా ఆమెను నానీ అనే పిలుస్తుంది. సాయంత్రానికి పని ముగించి, దూరం నుంచి చూసుకుని, ఎడమ పక్క మొహం భలే కుదిరిందే అని మురిసిపోతూ ఇంటికొచ్చాను. ఎంత మొద్దుని!

ఆ వారంలోనే తొమ్మిదో తరగతి చదివే మా పాప మారిపోయింది. ఖోఖోలో దాన్ని అందుకునేవాళ్లు బళ్లో ఎవరూ లేరు. అలాంటిది ఎండ తగులుతుందని ఆట మానేసింది. చున్నీ కళ్ల దాకా చుట్టుకుని, మెయిన్ రోడ్డు వదిలి సందుల్లోంచి బడికి పోయేది. పొద్దునా సాయంత్రం ఆ క్రీమే పట్టించి, బుగ్గలు మండేదాకా రుద్దుకునేది. ఎందుకే అంటే "ఊరికే" అనేది. వయసు కదా, పోనీలే అనుకున్నాను.

చివరికి మా ఆవిడే నన్ను రెక్క పట్టుకుని ఆ గోడ ముందుకు లాక్కెళ్లింది.

"చూడు, బాగా చూడు. ఆ ముక్కు ఎవురిది? ఆ కనుబొమ్మ మీద గాటు ఎవురిది? బళ్లో పిల్లోళ్లంతా 'మీ నాయనే నిన్ను గోడకెక్కిచ్చినాడే, పోయి క్రీము పూసుకో' అని ఏడిపిస్తాండారు. నీ చేతులిరగ!"

చూశాను. మా పాప మొహమే. నమూనా లేకపోతే చెయ్యి తనకు బాగా తెలిసిన మొహమే గీస్తుంది. నాకు కళ్లు మూసుకున్నా కనబడే మొహం అదొక్కటే. ఆ మొహాన్ని తీసుకెళ్లి, ఇట్లా ఉండకూడదు అని చూపించే చోట పెట్టాను. బిడ్డ కంపెనీ మాట నమ్మలేదు, నాయన మాట నమ్మింది. ఏడుపొచ్చింది. రోడ్డు మీదే ఏడ్చాను.

ఆదివారం సున్నం బకెట్టు, నిచ్చెన తీసుకుని, పాపను బతిమాలి వెంట తీసుకెళ్లాను. నేను నిచ్చెనెక్కి ఎడమ పక్కకు బ్రష్ ఎత్తానో లేదో, అరుగు మీద చింతపండు ఒలుస్తున్న నానీ కేకేసింది.

"ఏమప్పా, ఏంటికి చెరుపుతాండావు?"

చెప్పాను. నానీ లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని రెండు మొహాలూ చూసింది.

"యా అల్లా! నీకేమన్నా మతి పోయిందా? ఈ పిల్ల శానా కళగా ఉండాది. పొద్దున్నే చీపురు పట్టుకోని బయటికొస్తే దీన్నే పలకరిస్తాండా నేను. ఆ పక్కదే, పిండి డబ్బాలో పడిన ఎలక మాదిరి ఉండాది. కొట్టేదుంటే దానికి కొట్టు సున్నం!"

చున్నీలోంచి కిసుక్కుమని వినబడింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని! తెల్లమొహం, డబ్బా, అక్షరాలు అన్నీ సున్నం కింద పోయాయి. ఎడమ పక్క మొహం ఒక్కటే మిగిలింది.

"పెదవి అట్ల ఏలాడేసినావేం నాయనా? నేనెప్పుడన్నా అట్లుంటానా?" అంది పాప కింద నుంచి.

"నువ్వు ముసుగు తీస్తే గదమ్మా నాకు తెలిసేది" అన్నాను. తీసింది. రంగులు తెచ్చి, చూసి వేశాను.

ఏజెంటు వచ్చి చిందులేశాడు. ఇక జన్మలో పని ఇవ్వనన్నాడు. "పోప్పా, నీకో దండం" అన్నాను. ఇప్పుడు బడి గోడల మీద ఎక్కాలు, చర్చి గోడ మీద వాక్యాలు, అంగళ్ల పేర్లు రాస్తున్నాను. మాకవి చాలు. ఇంట్లో టీవీ ఉంది, ప్రకటనలూ వస్తాయి. తెల్లమొహం కనబడగానే మా ఆవిడ "వచ్చెనమ్మా ఎలక" అంటుంది. అన్నం ముందు కూర్చుని ముగ్గురం పొలమారేదాకా నవ్వుకుంటాం. ఆ నవ్వు ఏ అంగట్లో దొరుకుతుంది?

మొన్న గండికోటకు పోయే కారొకటి నానీ ఇంటి ముందు ఆగింది. ఎదుటి అంగడికి పేరు రాస్తూ నేను నిచ్చెన మీద ఉన్నాను. కార్లో ఒకాయన గోడ వైపు చూసి, కాలేజీ నుంచి నడిచొస్తున్న మా పాపనే ఆపి అడిగాడు.

"ఏం పాపా, ఆ బొమ్మ దేనికి ప్రకటన?"

మిట్టమధ్యాహ్నం ఎండ. పాప చున్నీ భుజం మీదే ఉంది.

"దేనికీ గాదన్నా" అంది. "అది నేనే."