మిషన్ ఎవరిదని అడిగారు

ఆవిడ పేరు నేను అడగలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, టెక్కలి నుంచి పలాస వెళ్లే బస్సులో నా పక్కన కూర్చుంది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఎడమచేతి వేళ్లు జీడి రసానికి నల్లగా కమిలిపోయాయి. ఏమైందమ్మా అన్నాను.

"జీడిపిక్కలు కోసే మిసన్‌లో వేళ్లు తెగిపోనాయి బాబూ. లేబరాఫీసుకెల్లి వత్తన్నాను."

అంతకుముందు దసరాకి, ఆమె పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ షావుకారు ఆ మిషన్‌ను ఆమె ఇంటికే పంపాడట. ఇక ఇది నీదే, ఇంటి దగ్గరే కోసి పప్పు పంపించు అన్నాడట. ఆమె దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించింది.

"ఆఫీసులో ఏమన్నారు?"

"మిసన్ ఎవులిదని అడిగినారు. నాదేనని గట్టిగా సెప్పినాను. నాదని సెప్పుకోడానికి నాకింకేటుంది బాబూ? అయితే నువ్వు కూలిదానివి కాదు, సొంత యాపారం సేత్తన్నావు, సావుకారికి సమ్మందం నేదన్నారు."

ఆ మాట అన్నవాడికి చట్టం బాగానే తెలిసి ఉంటుంది.

కాశీబుగ్గలో బస్సు ఆగింది. ఆమె ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని మెల్లగా దిగింది. కిటికీలోంచి సంచీ అందిస్తూ, ఏదో ఒకటి అనాలి కదా అని, ఆ మిషన్ అమ్మేశారా అన్నాను.

"నేదు బాబూ. ఇప్పుడు దానికాడ మా పాప కూకుంటంది."