సమాధి తోటలో వన్స్ మోర్

మా బాపును సమాధి చేసిన రోజు, ఆఖరి కీర్తన అయిపోగానే, గుంపులోంచి ఒకాయన "వన్స్ మోర్!" అని అరిచాడు.

మేం నాన్నను బాపు అంటాం. అరిచింది ఆయన దోస్తు. నేను ఆయన్ని కాక అని పిలుస్తాను. బెల్లంపల్లిలో ఇద్దరూ ఒకే బొగ్గు బావిలో పనిచేశారు, డ్యూటీ దిగాక ఒకే నాటకాల్లో పనిచేశారు. కాకది పెద్ద గొంతు, కాబట్టి రాజు, రాక్షసుడు, యముడు ఆయన వంతు. బాపు స్టేజీ పక్కన హార్మోనియం ముందు కూర్చునేవాడు. మా దగ్గర నాటకంలో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అన్నాక పాడాల్సిందే. అప్పుడే ప్రాణాలు విడిచి కింద పడ్డ పాత్రైనా సరే, లేచి, బట్టలు దులుపుకుని, పద్యం మళ్లీ అందుకుని, అయిపోయాక మళ్లీ చావాలి. దీన్ని ఎవరూ వింతగా చూడరు. కాక నలభై ఏళ్లు ఆ వాతావరణంలోనే బతికాడు. కీర్తన బాగుంది, ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది అని మేమంతా అనుకున్నాం.

క్వయర్ వాళ్లు పాస్టరు అయ్యగారి ముఖం చూశారు. అయ్యగారు మూసిన బైబిలు తెరిచి, మళ్లీ మూశారు. భూస్థాపన క్రమంలో దీనికి సమాధానం ఉన్నట్టు లేదు. చివరికి క్వయర్ వాళ్లు మొదటి చరణం నుంచి మళ్లీ పాడారు. అప్పటికే పెట్టె సగం దిగింది. తాళ్లు పట్టుకున్నవాళ్లు పాట అయ్యేదాకా అలాగే వంగి నిలబడ్డారు. నాటకాల నియమం ప్రకారం బాపు లేవాలి. లేవలేదు.

అవ్వ అంటే మా అమ్మ. ఇంటికి వచ్చి హార్మోనియాన్ని పాత దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోసింది. ఓదార్పు ప్రార్థనలు చేసే ఆదరణ కూటానికి కాక వచ్చినప్పుడు అందరికీ చాయ్ ఇచ్చి ఆయన ముందు నుంచి ఖాళీ ట్రే పట్టుకుని నడిచిపోయింది. మా అవ్వకు కోపం వస్తే అరవదు, చాయ్ ఇవ్వదు. రెండేళ్లు ఇవ్వలేదు. అసలే ఆమెకు నాటకాలంటే పడదు. శనివారం యముడి సభలో వాయించిన మనిషి ఆదివారం చర్చిలో హార్మోనియం మీదే కునుకు తీస్తుంటే పెళ్లయిన నాటి నుంచీ చూసింది. ఒక్క నాటకానికీ వెళ్లలేదు.

పోయినేడు కాక మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు కాబట్టి అక్కడి నుంచే మాట్లాడాడు.

"వదినె, కొత్త నాటకం ఏస్తున్నం. మా నాటక సమాజంల ఉన్నోళ్లకంటె పోయినోళ్లే ఎక్కువైండ్రు. గందుకే పోయినోళ్ల మీదనే రాసిన. సచ్చిపోయిన ఆర్టిస్టులంత యముని దగ్గర జమైతరు. గక్కడ గూడ రాజు ఏషం నాదంటె నాదని కొట్లాడుతరు. అంత పాటలే, నవ్వులే. అన్న హార్మోనియం జర ఒక్క పూట ఇయ్యి."

"మరి గా నాటకంల మీ అన్న యాడుంటడు?" అంది అవ్వ.

"యముని కాడ. అందరితోటి."

"బాప్తిస్మం తీసుకున్న మనిషి యముని కాడికి ఎట్ల పోతడు? ఆయన ప్రభువు దగ్గరున్నడు."

కాక యూనియన్ మీటింగుల్లో ఆఫీసర్లను నిలదీసిన మనిషి. ఈ ప్రశ్న మాత్రం ఆయనకు తట్టలేదు. గడ్డం గోక్కున్నాడు.

"నిజమే వదినె. ఆయన మా ఏరియా కాడు. డిప్యుటేషన్ మీద రప్పిస్త."

"వద్దు. ఆయన గక్కడ అడుగే పెట్టద్దు."

"అయితె నడుమ గోడ పెడుత. అన్న గోడకు అటు దిక్కే ఉంటడు. సప్పుడొక్కటే ఇటు వస్తది."

అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టుగా ఇద్దరూ పరలోకాన్ని పంచుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. గోడ ఎత్తుగా ఉండాలని అవ్వ అడిగింది, కాక ఒప్పుకున్నాడు. తాగుడు ముచ్చట రావద్దంది. దానికి కాస్త బాధపడుతూనే ఒప్పుకున్నాడు. అటు దిక్కునుంచి కీర్తన తప్ప నాటకాల పాట రావద్దంది.

"వాయించేది వీడు," అని నన్ను చూపించింది. నన్నెవరూ అడగలేదు. నేను కరీంనగర్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాను, అంతే.

అవ్వ మంచం కింది నుంచి హార్మోనియాన్ని తనే బయటికి లాగింది. కానీ కాకకు చాయ్ ఇవ్వలేదు. అంటే అసలు సంగతి ఇంకా తేలలేదన్నమాట.

హార్మోనియం గాలి తిత్తిని ఎలుకలు కొరికాయి. సైకిల్ ట్యూబు ముక్క అంటించాను. రెండు మెట్లు నొక్కితే పైకి రావు, వేలితో లేపాలి. ఏ కీర్తన వాయించాలో కాక చెప్పలేదు. బాపుకు ఇష్టమైంది, నాకు బాగా వచ్చింది ఒకటే, సమాధి తోటలో పాడింది. అదే వాయిస్తానని ఎవరితోనూ అనలేదు.

నాటకం రోజు సాయంత్రం బొగ్గు బావి కాలనీ హాలు నిండింది. సగం క్వార్టర్లు ఖాళీ అయిన కాలనీలో అంతమంది ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. మందమర్రి నుంచి కూడా వచ్చారు. అవ్వ ఆఖరి వరుసలో, తలుపు పక్కన, ఫ్లాస్కు ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోడ ఎత్తు చూసి పోవడానికే వచ్చానంది. ప్లైవుడ్ మీద ఇటుకలు గీసిన ఆ గోడ యముడి కిరీటం కన్నా ఎత్తుగానే ఉంది. దాని వెనక నేను.

చచ్చిపోయిన ఆర్టిస్టులు వరసగా వచ్చి పాట ఎత్తుకున్నారు.

"బాయిల దిగినోళ్లకు సీకటి కొత్తా?
యముడా, మాకు లైటెందుకు, శృతి ఇయ్యి!"

ఒక్కొక్కరూ ఒక్కో శృతిలో పాడాలని రాసుకున్నారు. రాసుకోకపోయినా అలాగే పాడేవాళ్లు. జనం పడీపడీ నవ్వారు. యముడి వేషంలో ఉన్న కాక చెవులు మూసుకుని, ఆ హార్మోనియం ఆయన్ని పట్టుకురమ్మన్నాడు. యముడి గుమాస్తా, "ఆయన మన ఏరియా కాదు దొరా," అన్నాడు. యముడు సింహాసనం దిగి వచ్చి గోడ మీద కొట్టాడు.

"అన్నా, జర శృతి ఇయ్యి."

కీర్తన మొదలుపెట్టాను. ప్లైవుడ్ సందులోంచి కాక చెయ్యి కనిపిస్తోంది, గోడకు ఆనించినది ఆనించినట్టే ఉంది. పాట అయ్యాక ఆయన "శెభాష్" అనాలి. అనలేదు. ఏ కీర్తనో గుర్తుపట్టాడు. హాల్లో అందరూ గుర్తుపట్టారు, ఎందుకంటే సమాధి తోట సంగతి తెలియనివాళ్లు బెల్లంపల్లిలో లేరు. అప్పటిదాకా ప్రతి పాటకూ వన్స్ మోర్ అన్న జనం నోరు మెదపలేదు.

అప్పుడు ఆఖరి వరుసలోంచి వినిపించింది. గట్టిగా ఏం లేదు, నన్ను అన్నానికి పిలిచే గొంతే.

"వన్స్ మోర్."

అన్నాక వాయించాల్సిందే. మొదటి నుంచి అందుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, మెట్లు కనబడలేదు, పైకి రాని మెట్టును లేపడం మర్చిపోయి ఒక చోట స్వరం కూడా తప్పింది. స్టేజీ మీద చచ్చినవాళ్లంతా తలలు వంచుకుని నిలబడ్డారు. యముడు గోడకు చేరగిలబడి కూర్చుని ఏడుస్తున్నాడు. నియమం ప్రకారం బాపు లేవాలి.

నాటకం అయ్యాక అవ్వ స్టేజీ వెనక్కి వచ్చింది. యముడి మీసాలతోనే కూర్చున్న కాక ముందు ఆగి, ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి ఇచ్చింది.

"గా రోజు నువ్వు వన్స్ మోర్ అనంగనె ఆయన లేస్తడేమో అనుకున్న," అంది. "లేవకపాయె. గదే నా కోపం."

కాక మీసం తీసి పక్కన పెట్టి, చాయ్ తాగాడు.

"నేను సుత గందుకే అరిసిన వదినె," అన్నాడు.