ఒకడుగు వెనక్కి

హైటెక్ సిటీ ఆఫీసులో నా పక్క సీటాయన ఎవరితో మాట్లాడాలన్నా ముందు ఒకడుగు వెనక్కి వేసేవారు. భయమా, మర్యాదా అని నాకు ఎప్పుడూ అనుమానమే. పిట్టల ఫొటోల కోసం దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించే పెద్ద టెలిఫొటో లెన్స్ కొంటానంటే, కూకట్‌పల్లి షాపుకి నేనూ వెళ్లాను. గుమ్మంలో నిలబడి, మెట్రో స్తంభం మీద వాలిన గద్దను ఆ లెన్స్‌లోంచి చూశారు. చూడగానే ఒకడుగు వెనక్కి వేశారు.

"గద్ద గాడనే ఉన్నది సార్, మీరెందుకు జరుగుతున్రు?" అన్నాడు షాపతను.

"నన్నే చూస్తోందండీ. మరీ ఇంత దగ్గరికి వెళ్తే బాగుండదు," అని చిన్న లెన్సే తీసుకున్నారు.

ఉద్యోగం మానేసి వెళ్తూ నాకొక ఫొటో ఇచ్చారు, నా డెస్క్ మీదే ఉంటుంది. అందులో అన్నీ బండరాళ్లే, పిట్టను ఇప్పటికీ వెతుక్కోవాలి. కాల్‌లో ఉన్నా సరే, ఆ పిట్ట కనబడగానే నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది.