జేబులో రెండు జాబులు

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన ఆ కొత్తల్లో మా ప్రొద్దుటూరులో చదువుకున్నవాడికి మూడే దారులు. బడిపంతులు కావాలి, తాలూకాఫీసులో గుమాస్తా కావాలి, కాస్త నోరుంటే ప్లీడరు కావాలి. ఈ మూడింటికీ పనికిరాని చదువు చదివివచ్చిన మొదటి ఘనుణ్ణి నేనే అనుకుంటాను. హైస్కూలులో లెక్కలు చెప్పే మా నాయన నన్ను బీకాం చదివించి, ఆ పైన నా పోరు పడలేక కలకత్తా పంపాడు. అక్కడ నేను నేర్చుకున్నది కంపెనీలు ఎలా నడపాలో. నాకు రాబోయే ఉద్యోగం ఆ నడపడం కూడా కాదు. నడపలేక అవస్థపడుతున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళి, లోపం ఎక్కడుందో చూసి, సలహా చెప్పి రావడం. ఈ సంగతి మా వీధి చివర బంగారు అంగడి శెట్టిగారికి ఓ సాయంత్రం ఓపికగా వివరించాను. ఆయన అంతా విని, "వాళ్ళ అంగడి సంగతి వాళ్ళకు తెల్వదా?" అన్నాడు. తెలియదు కాబట్టే మమ్మల్ని పిలుస్తారన్నాను. "నీకు అంగడి ఉండాదా?" అన్నాడు. లేదన్నాను. "మీ నాయనకు?" లేదు. "మరి నీకెట్ల తెల్సప్పా?" అని తాపీగా అడిగి, జవాబు కోసం ఆగకుండా తన తక్కెడ తుడుచుకోసాగాడు. (ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆ ఉద్యోగమే చేశాను. శెట్టిగారి ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు.)

కలకత్తాలో మా జిల్లావాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. రెండోవాడిది ముద్దనూరు దగ్గర పల్లె. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, జమ్మలమడుగు హాస్టల్లో ఉండి చదువుకుని, స్కాలర్‌షిప్పు మీద అంతదూరం వచ్చినవాడు. తండ్రి లేడు. చలికాలంలో హాస్టలు కుర్రాళ్ళంతా కోట్లు వేసుకుంటే, వాడు వాళ్ళమ్మ నేయించి ఇచ్చిన నల్ల కంబళి కప్పుకుని క్లాసుకు వచ్చేవాడు. అందుకని వాడికి కంబళి అని పేరు పెట్టాం. పెట్టింది నేనే. లెక్కల్లో నేను వాడి కాలిగోటికి సరిపోను. ఇంగ్లీషులో మాత్రం నాది పైచేయి, ఎందుకంటే నాకు విషయం తెలియకపోయినా మాట్లాడగల ధైర్యం ఉండేది. చదువు ముగిసే ముందు రెండు సలహా కంపెనీలు మా కాలేజీకి వచ్చాయి. మద్రాసు కంపెనీ నన్ను తీసుకుంది. బొంబాయి కంపెనీ కూడా నన్నే తీసుకుని, కంబళిని రెండోవాడిగా రాసుకుంది. ఉన్నది ఒకటే ఖాళీ. ఆ బొంబాయి దొర ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, "ఇతను రానంటే ఆ చోటు నీది" అని కంబళితో స్పష్టంగా చెప్పాడు. కంబళి నా వైపు చూశాడు. నేను పెద్దమనిషిలా తల ఊపాను.

రెండు జాబులూ వారం తేడాతో ప్రొద్దుటూరు చేరాయి. నాకు మద్రాసే ఇష్టం. ఆ మాట మొదటిరోజే వంటింట్లో అమ్మతో అన్నాను కూడా. తిండి మన తిండి, మాట మన మాట, ఎర్రగుంట్లలో రైలెక్కితే దిగేది అక్కడే. ఇక చెయ్యవలసిందల్లా బొంబాయికి రెండు వాక్యాల ఉత్తరం రాయడం. కానీ ఆ ఉత్తరం రాసిన మరుక్షణం నేను ఉద్యోగం వచ్చిన ఒక మామూలు కుర్రాణ్ణి అయిపోతాను. రెండు జాబులూ జేబులో ఉన్నంతకాలం వేరు. కాఫీ హోటల్లో కూర్చుంటే పక్కబల్ల వాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకునేవాళ్ళు. "మద్రాసా, బొంబాయా?" అని అడిగేవాళ్ళు. "చూస్తాండా, ఇంగా తేల్చుకోలేదు" అనేవాణ్ణి. ఆ ఒక్క వాక్యం చెప్పడంలో ఉన్న సుఖం నాకు మళ్ళీ ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు. జాబులు మడిచీ విప్పీ మడతల దగ్గర చిరిగితే, అమ్మ మైదాజిగురు పెట్టి అతికించింది.

పది రోజులకు కంబళి బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, చాలాసేపు మా నాయనతో వానల గురించి మాట్లాడాడు. నాయన లోపలికి వెళ్ళాక మెల్లగా అడిగాడు.

"ఏమన్నా తేల్చుకుంటివా?"

"ఇట్లాంటివి బిరీన తేల్చగూడదప్పా. శాస్త్రం ప్రకారం చూడల్ల" అని లోపలి నుంచి పెద్ద అట్టకాగితం తెచ్చి చూపించాను. జీతం, ఊరు, తిండి, పైఅధికారి కోపతాపాలు, వాతావరణం, ఇలా పన్నెండు గళ్ళు గీసి రెండు కంపెనీలకూ మార్కులు వేశాను. కలకత్తాలో మాకు నేర్పిన పద్ధతే అది. కంబళి ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివాడు.

"మద్రాసుకు ఎక్కువొచ్చినాయి గదా?"

"రోంత ఎక్కువే. కానీ వాతావరణానికి ఇంగా మార్కులు సరిగ్గా వెయ్యలేదు."

వాడు నవ్వలేదు. "నేను అడగతాండానని కాదు. మద్రాసే అయితే బొంబాయికి ఒక ముక్క రాసెయ్. మా యమ్మ అడగతాంది, యాడికి పోతావు, ఎప్పుడు పోతావు అని. ఏం చెప్పల్లో తెలీడంలే" అన్నాడు. వారంలో రాస్తానన్నాను. వాడు వెళ్ళాక కూర్చుని రాసిన ఉత్తరం మాత్రం వేరు. మా తండ్రిగారికి జబ్బు ముదిరి మంచాన ఉన్నారు, నిర్ణయానికి మరో నెల గడువు ఇప్పించండి, అని బొంబాయికి రాశాను. (అప్పుడు మా తండ్రిగారు పెరట్లో గునపంతో బండరాయి పెకలిస్తున్నారు.)

బొంబాయివాళ్ళు మంచివాళ్ళు. అదే నా ప్రాణం మీదికి తెచ్చింది. ఉత్తరంతో సరిపెట్టక, అడిగిన నెల గడువూ ఇస్తున్నామని టెలిగ్రాం ఇచ్చారు. అది వచ్చేసరికి నేను కాఫీ హోటల్లో ఉన్నాను, నాయన బడిలో ఉన్నాడు. టెలిగ్రాం అంటేనే చావుకబురు అనుకునే కాలం. అమ్మ దాన్ని ఎదురింటి ప్లీడరు గుమాస్తాకు ఇచ్చింది. ఆయన ఇంగ్లీషు కోర్టు కాగితాల వరకే. కళ్ళజోడు సర్దుకుని, "తండ్రి. జబ్బు. విషమం. విచారిస్తున్నాము" అని నాలుగు ముక్కల్లో అర్థం చెప్పాడు. పొద్దున అన్నం తిని బడికి పోయిన మనిషికి ఏమైందోనని అమ్మ చెప్పులు కూడా లేకుండా హైస్కూలుకు పరిగెత్తింది. వెనక వీధి సగం పరిగెత్తింది. పులివెందుల బస్సు డ్రైవరు మాకు తెలిసినవాడు. ఆయన మధ్యాహ్నానికే మా మేనమామకు కబురు చేర్చాడు. సాయంత్రం బస్సుకు మామా అత్తా దిగారు. అత్త వీధి మలుపు దగ్గరే రాగం అందుకుని, "ఎంత పని జరిగె మా అన్నా" అని ఏడుస్తూ వచ్చి, అరుగు మీద బొరుగులు తింటున్న మా నాయన కాళ్ళ దగ్గర పడి, తలెత్తి చూసి, మళ్ళీ ఏడవాలో మానాలో తెలియక అట్లాగే ఉండిపోయింది.

నాయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే ఈ కథ హాయిగా చెప్పుకునేవాణ్ణి. టెలిగ్రాం చదువుకుని, అందరి ముందరే అడిగాడు.

"నన్నెందుకు మంచాన పడేసినావు?"

"గడువు కోసరం."

"గడువు ఎందుకు?"

"ఆలోచించేదానికి."

"మద్రాసని మీ యమ్మతో మొదటినాడే చెప్పినావంట గదా. ఇంగ ఆలోచించేది ఏముండాది? ఆ ముద్దనూరు అబ్బోడు వచ్చిపోయినాడే, వాని నోటికాడ కూడు ఆపి కూర్చోని ఆలోచిస్తాండావా? పొద్దన్నే పోయి వానికి చెప్పిరా."

మర్నాడు ముద్దనూరు దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి కంబళి పల్లెకు నడిచాను. వాళ్ళమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. మద్రాసు పోతున్నాననీ, బొంబాయికి ఇవాళే రాసేస్తాననీ, వాడు ఇక సర్దుకోవచ్చుననీ చెప్పాను. ఆమెకు సగమే అర్థమైంది. "బొంబాయి అంటే కడప కంటే దూరమా నాయనా?" అని అడిగింది. రైలు మన ముద్దనూరు మీదుగానే పోతుందని చెప్పాక ధైర్యం వచ్చినట్టుంది. జొన్నరొట్టె చేసి, వేరుశనగలతో నూరిన ఊరిబిండి పచ్చడి వేసి, నేను వద్దంటున్నా నెయ్యి పోసింది. "మా వానికి నువ్వు శానా మేలు చేసినావు" అంది. నేను నెయ్యి నాకుతూ వినయంగా తల ఊపాను. కంబళి నన్ను రోడ్డు దాకా సాగనంపాడు. బొంబాయిలో ఇంగ్లీషు ఎట్లా మాట్లాడతానో అని వాడి దిగులు. దారంతా వాడికి సలహాలు చెప్పాను.

ఉత్తరం ఆ పూటే రాసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఉట్టిపుణ్యానికి ఏడిపించామని అలిగిన అత్తను సముదాయించడానికి అమ్మ నన్ను పులివెందుల పంపింది. మామ అక్కడ తాలూకాఫీసు గుమాస్తా. పాతికేళ్ళ సర్వీసులో ఒక్క ఫైలు కూడా తొందరపడి తేల్చని మనిషి. రెండు జాబులూ తిప్పితిప్పి చూసి, "రెండు కాగితాలు చేతిలో ఉండంగా ఒకటి ఉట్టిగా పారేస్తారా అల్లుడా? బొంబాయోళ్ళ కాగితం చూపిచ్చి మద్రాసోళ్ళను రోంత పెంచమను. వాళ్ళు పెంచినాక బొంబాయికి రాద్దువులే. నాలుగు దినాల్లో మునిగేదేముండాది?" అన్నాడు. కలకత్తాలో రెండేళ్ళు చెప్పని తెలివి ఈయన ఒక్క నిమిషంలో చెప్పాడే అని ముచ్చటపడ్డాను. అక్కడే కూర్చుని, నా అసాధారణ ప్రతిభను బొంబాయివారు ఎట్లా గుర్తించారో వర్ణిస్తూ మద్రాసుకు పెద్ద ఉత్తరం రాశాను.

జవాబు తొందరగానే వచ్చింది. మూడే వాక్యాలు. మీకు మెరుగైన అవకాశం దొరికినందుకు సంతోషం. మీ చోటు మరొకరికి ఇచ్చాము. బొంబాయిలో మీకు శుభం కలుగుగాక. దాన్ని ఎన్నిసార్లు చదివినా నాలుగో వాక్యం కనిపించలేదు.

బొంబాయి ఇచ్చిన గడువు ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజుల్లో నా మనసులో పెద్ద యుద్ధం జరిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. అదే పూట పోస్టాఫీసుకు పోయి, వస్తున్నానని టెలిగ్రాం కొట్టాను. కంబళి ఉద్యోగం నేను తీసుకోలేదు, అది మొదటి నుంచీ నాదే, అని దారిలో నాకు నేను చెప్పుకున్నాను. లెక్క ప్రకారం అది నిజం కూడా. నాయనకు మాత్రం, కంబళికి ఉత్తరం రాశానని అబద్ధం చెప్పాను. రాయడానికి కూర్చున్నాను గానీ "నాయనా కంబళీ" అన్న తర్వాత ముక్క తోచలేదు.

వారం తర్వాత ఎర్రగుంట్లలో బొంబాయి మెయిలు ఎక్కాను. తర్వాతి స్టేషను ముద్దనూరు. ఆ సంగతి నాకు రైలు కదిలాక గుర్తొచ్చింది. వాడు ఆ వేళకు స్టేషనులో ఎందుకుంటాడు? ఉండడు. అయినా నేను కిటికీ తలుపు దించి, ఎండాకాలపు పట్టపగలు దుప్పటి నెత్తి మీదుగా కప్పుకుని పడుకున్నాను. "ఒళ్ళు బాగలేదా అబ్బాయ్?" అని ఎదుటి సీటు ముసలాయన అడిగాడు. జ్వరమన్నాను. ఆయన జాలిపడి, రైలు ముద్దనూరులో ఆగి మళ్ళీ కదిలేదాకా నాకు విసనకర్రతో విసిరాడు.

నాలుగేళ్ళ తర్వాత, పక్క జిల్లాలో ఒక నూనె మిల్లుకు సలహా చెప్పడానికి కంపెనీ నన్ను పంపింది. తిరుగుదారిలో జమ్మలమడుగులో దిగాను. అక్కడ కంబళ్ళు నేసేవాళ్ళ సహకార సంఘానికి కంబళి సెక్రటరీ అని విని, వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. నన్ను చూడగానే లేచి వచ్చి చేతులు పట్టుకున్నాడు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను ఆ సంగతంతా నవ్వులాటగా చెప్పాను. టెలిగ్రామూ, అత్త ఏడుపూ, పులివెందుల మామ సలహా, రైల్లో దుప్పటీ. బొంబాయిలో స్నేహితుల దగ్గర చెప్పి చెప్పి, ఎక్కడ నవ్వుతారో నాకు కంఠతా వచ్చింది. వాడు మా నాయన బొరుగుల దగ్గర నవ్వాడు. ఆ తర్వాత నవ్వలేదు.

"అయితే బొంబాయోళ్ళు నాకు జాబే రాయలేదన్నమాట" అన్నాడు.

"లేదప్పా."

"మా యమ్మ రెండు నెల్లు దినామ్మూ ముద్దనూరు పోస్టాఫీసుకు నడిచింది. జాబు రాల్యా అంటే నమ్మల్యా. పోస్టు సాయిబే దాన్ని యాడనో పారేసినాడని ఆయన్ను నడిబజార్లో నిలబెట్టి నానా మాటలు తిట్టింది. పాపం, ఆయన సంచి గుమ్మరించి చూపిచ్చినాడు. ఆయన ఇప్పుడు రిటైరై ఈ ఊర్లోనే, మా వీధిలోనే ఉండాడు. ఎదురుపడితే మా యమ్మ ఇప్పటికీ మొగం తిప్పుకుంటాది." టీ గ్లాసు కింద పెట్టి, మామూలుగానే అడిగాడు. "ఇల్లు ఈడనే. వస్తావా? నువ్వే ఆమెకు ఒక మాట చెప్తే ఆ సాయిబుకు పుణ్యముంటాది."

నేను చేతి గడియారం చూసుకుని, బస్సు వేళయిందన్నాను.

వాడు బలవంతపెట్టలేదు. బస్టాండు దాకా నా పెట్టె తనే మోసుకొచ్చాడు. ఆ రోజు బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. వాడి ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. ఇద్దరం బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని, ఆ గంటన్నరా ఆ ఏటి వానల గురించి మాట్లాడుకున్నాం. మధ్యలో రెండుసార్లు నేను గడియారం చూసుకుని, బస్సులు సమయానికి నడపాలంటే ఏం చెయ్యాలో వాడికి సలహా కూడా చెప్పాను.