మా వీధికి తూజాలు నేర్పిన తిప్పేస్వామి సారు

ఈ నెల మొదట్లో ఒక ఉదయం, ముదిగుబ్బలో నేను పాఠం చెప్పే బడి ముందు బస్సు దిగుతుండగా ఫోను మోగింది. ధర్మవరంలో మా వీధిలో మగ్గం నేసే ఓబులేసు గొంతు. "అక్కా, సారు పోయినాడు. మా అరుగు మీద కూసున్నాడు. నీళ్లడిగినాడు. నేను చెంబు తెచ్చేలోపల ఒరిగిపోయినాడు" అన్నాడు. ఏ సారు అని అడగవలసిన అవసరం లేకపోయింది. మా వీధికి సారంటే ఒక్కరే. ముందురోజు సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి ఇక లేరన్న మాట చెవిన పడిందే కానీ మనసుకు ఎక్కలేదు. తిరుగు బస్సు ఎలా ఎక్కానో కూడా గుర్తులేదు.

తిప్పేస్వామి గారు ధర్మవరంలో హైస్కూలు జీవశాస్త్ర ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. నేను ఆయన శిష్యురాలిని. పెళ్లయ్యాక ఆయన ఎదురింటికే కాపురానికి వచ్చాను. సారు పుట్టింది ఉరవకొండ దగ్గరి పల్లెలో. వేరుశనగ పైరున్న కొద్ది నెలలు తప్ప తక్కిన కాలమంతా ఎర్రమట్టి, బోడిగుట్టలు చూసిన కళ్లవి. ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో ఒక కొండప్రాంతానికి పోయి, ఆకురాల్చని శంఖాకార వృక్షాలను తొలిసారి చూశారట. ఆ జాతిలోనే మోకాటెత్తుకు మించని తూజాలు, నేలమీద పాకే జూనిపర్లు ఉన్నాయని తెలుసుకుని, బెంగళూరు నర్సరీల నుంచి ఒక్కొక్కటే తెచ్చి, ఇంటి ముందు రెండు మంచాలు పట్టేంత జాగాలో నాటుకున్నారు. "వానొచ్చినా రాకపోయినా ఒక పచ్చ నా కండ్లకు కనపడల్ల" అనేవారు.

ఆ జాగాయే మాకు ప్రయోగశాల. ఒకసారి తరగతినంతా అక్కడికి తీసుకుపోయారు. "ఈ ఎండలకు ఇవి యాడ బతుకుతాయి సార్?" అని మాలో ఎవరో అడిగితే, "బతకవని చెప్పేటోళ్లు శానామంది ఉండారు. బతికిచ్చేది ఎట్లో మనం చూద్దాం" అన్నారు. పడమటి ఎండ తగలకుండా గోడ నీడన నాటడం, వేళ్ల దగ్గర నీరు నిలవకుండా ఎర్రమట్టిలో గరుసు ఇసుక కలపడం, పైన శెనక్కాయ పొట్టు పరిచి తడి కాపాడడం ఆనాడు చేసి చూపించారు. ఏడాదికి వేలి కణుపంత పెరిగితే అదే గొప్ప అనేవారు. "తొందరుండేటోళ్లు బంతిచెట్లు పెట్టుకోవల్ల."

కత్తెర పట్టడం నేర్పిన తీరు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. "పచ్చ ఉండేతావనే కోయల్ల. లోపలి ముదురు కొమ్మ దాకా పోతే ఆడ మళ్లా చిగురు రాదు. వేపచెట్టు మాదిరి కాదిది." బడిలోనూ ఆయనది అదే నిదానం. నేను పరీక్ష తప్పినప్పుడు పేపరును నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. మార్కులు పైకి చదవలేదు. సాయంత్రం పిలిచి, రాయలేకపోయిన ప్రశ్నలన్నీ మళ్లీ చెప్పారు. నేను ఉపాధ్యాయురాలినయ్యానంటే, అందుకు మూలం ఆ మడతపెట్టిన కాగితమే.

ఆ తోటవల్ల ఆయనకొక మనిషి దూరమయ్యాడు కూడా. అతడు సారు పక్కింటి ఓబులేసే. ఆ ఇంట్లో మగ్గం గుంతలో ఉంటుంది. సారు చెట్లకు పెట్టిన నీళ్లు గోడ కిందుగా ఊరి, గుంతలో తేమ చేరింది. పట్టుపోగులు పాడయ్యాయి. "మీకు చెట్లు ముద్దు, మాకు కూడు ముద్దు సార్" అని ఓబులేసు అరుగు మీదినుంచే అన్నాడు. సారు మరునాడే నీళ్లు పారించడం మాని, మొక్కల నడుమ మట్టికుండలు పాతి, ఊటగా మాత్రమే తడి అందేలా మార్చారు. తేమ తగ్గింది కానీ మాటలు కలవలేదు. ఏండ్ల తరబడి ఇద్దరూ తలవంచుకునే ఎదురుపడ్డారు.

కొన్నేళ్ల కిందట రోడ్డు వెడల్పు పని వచ్చింది. సారు ఇంటి ముందు జాగా అంతా పోతుందని గోడమీద ఎర్రగీత గీశారు. అది నడివేసవి. ఆకురాల్చే చెట్టును పెకిలిస్తే ఆకులు దులుపుకుని కొంత ఓర్చుకుంటుంది. ఇవి ఎప్పుడూ ఆకుతోనే ఉంటాయి గనుక, వేళ్లు తెగిన మరుక్షణం నుంచే ఎండిపోవడం మొదలవుతుంది. తొలివానల దాకా ఆగమని సారు అధికారిని వేడుకున్నారు. యంత్రాలు వచ్చేశాయని, తన చేతిలో ఏమీ లేదని ఆ అధికారి మర్యాదగానే చెప్పి పంపాడు. సారు ఇంటికి వచ్చి చెట్ల మధ్య కూర్చున్నారు. ఆయన భార్య శాంతమ్మ గారు భోజనానికి పిలిచినా లేవలేదు.

అప్పుడు ఓబులేసు పార తీసుకుని వచ్చాడు. "యాడ తవ్వల్లో చూపీ సార్. మా ఇంట్లో వెనకపక్క నీడ ఉండాది. ఆ పెద్దది నాకియ్యి" అన్నాడు. సారు అతని ముఖంలోకి చూసి, "మగ్గానికి తేమ తగుల్తాది గదప్పా" అన్నారు. "తొట్టిలో పెడతా లే. లెయ్ సార్, పొద్దు ఎక్కుతాంది." ఆ మాటతో వీధి కదిలింది. వేళ్లకు మన్ను అంటుకుని ఉండగానే తడి గోనెసంచులు చుట్టి, ఇంటికొకటి చొప్పున చెట్లను మోసుకుపోయాం.

అన్నీ బతకలేదు. సారు తమ కూతురు పుట్టిన ఏడు నాటిన బంగారు తూజా, ఓబులేసు అడిగి తీసుకుపోయిన ఆ పెద్దదే, కొసలనుంచి ఎర్రబడి ఎండిపోయింది. ఓబులేసు ముఖం చాటేసి తిరిగాడు. సారే అతని గడప ఎక్కారు. "నీ చేతిలో దోషం లేదప్పా. ఎండలో పెకిలిచ్చినాం, అది తాళలేదు. తొట్టి చూపీ, ఇంకొకటి పెడదాం" అని చిన్న మొక్కను నాటి, మన్ను అదిమి, అక్కడే కాఫీ తాగి వచ్చారు. నాటినుంచి రోజూ ఉదయం ఇంటింటికీ పోయి చెట్టును చూసేవారు, మనుషులనూ చూసేవారు. మెట్ల పక్క కుండీలో ఒక్క జూనిపర్ తప్ప తన వాకిట చెట్టు లేని ఆయన, మా వాకిళ్లన్నిటికీ యజమాని అయ్యారు. తుదిశ్వాస విడిచిందీ అలాంటి ఉదయపు నడకలోనే.

విద్యాదానం చేసినవారెందరో ఉంటారు. దూరమైన మనిషి ఇంటికి తానే నడిచిపోగల హృదయవైశాల్యం ఎందరికుంటుంది? ఆ పుణ్యమూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

కర్మకాండ ముగిసిన మరునాడు శాంతమ్మ గారు నన్ను పిలిచారు. మెట్ల పక్క కుండీలో పాకుతున్న జూనిపర్ లోపలివైపు గోధుమరంగుకు తిరిగింది. "ఇది వయసుకు రాలే ఆకా, లేకపోతే తెగులా అమ్మీ? ఆయనైతే చూస్తానే చెప్పేవాడు" అన్నారు. నేను కొమ్మలు విడదీసి చూశాను. ఆమె కూడా కళ్లజోడు పెట్టుకుని చూశారు. తెలియలేదు. అడుగుదామంటే, ఈ ఊళ్లో ఆ సంగతి చెప్పగలిగిన మనిషి ఇంకెవరూ మా ఇద్దరికీ తట్టలేదు.